నాలుగు కాళ్ళ సేల్స్‌మన్

రాజమండ్రి మెయిన్ రోడ్డులో బండి మీద వెళ్తూ ఒక్కసారి షాపుల బోర్డులు చూడండి. చూశామనే అనుకుంటాం గానీ నిజానికి చూడం. ఎందుకంటే బోర్డు షాపు నెత్తిమీద రోడ్డు వైపు ముఖం పెట్టి ఉంటుంది, మనమేమో రోడ్డు వెంట పోతుంటాం. పదడుగుల బోర్డుని పక్కనుంచి, అంటే ఓ 15 డిగ్రీల కోణంలో చూస్తే, కంటికి కనపడే వెడల్పు రెండున్నర అడుగులే. ఇంటర్‌లో చదివిన సైన్ థీటా ఇక్కడ పనికొచ్చింది చూశారా! పూర్తి బోర్డు కనపడేసరికి మనం ఆ షాపు దాటేసి ఉంటాం.

అందుకే షాపు ముందు నేలమీద, మన వైపు ముఖం తిప్పి నిలబడే మడత బోర్డు ఒకటి ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఇంగ్లీషు ఏ అక్షరంలా కనపడుతుంది. నాలుగు కాళ్ళు, రెండు ముఖాలు, పైన రెండు బందులు. ప్రింటింగ్ షాపులో స్టాండీ అంటారు, వెల్డింగ్ షాపులో స్టాండు బోర్డు అంటారు. పేరేదైనా పని ఒక్కటే. జీతం లేకుండా రోజంతా రోడ్డు మీద నిలబడి, లోపల ఏముందో చెప్పే సేల్స్‌మన్ అది.

ఇదేం కొత్త ఐడియా కాదు. 19వ శతాబ్దపు లండన్‌లో మనుషులే ముందొక అట్ట, వెనకొక అట్ట తగిలించుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు. శాండ్‌విచ్ బోర్డు అనే పేరు అలా వచ్చింది. మన దగ్గర అదే పని రిక్షా చేసింది. రెండు పక్కలా సినిమా పోస్టర్లు వాలుగా కట్టి, మైకులో "నేడే చూడండి" అంటూ తిరిగిన పబ్లిసిటీ బండి గురించి మీ నాన్నగారిని అడగండి, ఓ అరగంట చెప్తారు.

పేరు కాదు, పని రాయండి

వారమంతా లాప్‌టాప్‌లో బటన్ ఏ రంగులో ఉండాలా అని మీటింగులు పెట్టుకునే ఉద్యోగం నాది. శని, ఆదివారాలు మాత్రం ఓ పెయింటర్ మాస్టారితో, ఓ వెల్డింగ్ షాపు బాబాయితో కలిసి చిన్న షాపులకి ఈ బోర్డులు చేయిస్తుంటాను. నిజం చెప్పాలంటే రెండూ ఒకే పని. చూసేవాడికి రెండు సెకన్ల టైముంటే ఏం చూపించాలి అన్నదే ప్రశ్న.

రెండు సెకన్లు అని ఊరికే అనలేదు. బండి గంటకు 30 కిలోమీటర్ల స్పీడులో పోతే సెకనుకు 27 అడుగులు. 60 అడుగుల దూరం నుంచి బోర్డు కనపడిందనుకుంటే, దాన్ని దాటడానికి రెండు సెకన్ల పైన కాస్త. అందులో ఎదురొచ్చే ఆటోని, అడ్డంగా వచ్చే ఆవునీ కూడా చూసుకోవాలి. మిగిలిన టైములో నాలుగు మాటలు చదివితే గొప్ప.

బోర్డులు చేసేవాళ్ళు వాడే ఒక మోటు లెక్క ఉంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. 60 అడుగుల నుంచి చదవాలంటే ఆరు అంగుళాలు. రెండడుగుల వెడల్పు బోర్డు మీద ఆరంగుళాల అక్షరాలు నాలుగో ఐదో పడతాయి. పెసరట్టు పడుతుంది. జిరాక్స్ హాయిగా పడుతుంది. పూతరేకులు కాస్త ఒదిగి కూర్చుంటాయి. "శ్రీ లక్ష్మీ గణపతి సాయి దుర్గా ఎంటర్‌ప్రైజెస్" మాత్రం చచ్చినా పట్టదు.

అందుకే నా మొదటి మాట ఇదే. పెద్ద అక్షరాలు షాపు పేరు మీద ఖర్చు పెట్టకండి. పేరు నెత్తిమీది బోర్డులో ఎలాగూ ఉంటుంది. మన షాపుల చట్టం కింది నిబంధనల ప్రకారం అది తెలుగులో ఉండాలి, వేరే భాష రాసుకుంటే తెలుగు కింద రాసుకోవాలి. నేలమీది బోర్డులో మీరు అమ్మేదేంటో రాయండి.

తాడితోట బట్టల మార్కెట్ పక్క సందులో ఒక టైలర్ పిన్ని గారున్నారు. షాపు సందు మొదట్నుంచి నాలుగోది. మార్కెట్‌లో చీరలు కొన్నవాళ్ళు వందల మంది ఆ సందు ముందు నుంచే పోతారు, కానీ ఒక్కరూ లోపలికి తల తిప్పరు. కరోనా తర్వాత పాత కస్టమర్లు సగం మంది రెడీమేడ్ జాకెట్లకి అలవాటు పడిపోయారు. అద్దె మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. "ఈ దసరా దాకా చూస్తాను బాబూ, లేకపోతే మిషను ఇంటికి పట్టుకెళ్ళిపోతాను" అన్నారు. ఇంటికి పట్టుకెళ్ళడమంటే ఏంటో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో కుట్టే జాకెట్‌కి చుట్టుపక్కల వాళ్ళు షాపు రేటు ఇవ్వరు. "తర్వాత ఇస్తాలే వదినా" అంటారు.

ఆవిడ అడిగిన బోర్డులో షాపు పేరు, వెంకటేశ్వరస్వామి బొమ్మ, రెండు ఫోన్ నంబర్లు, జాకెట్లు, డ్రెస్సులు, లంగావోణీలు, మగ్గం వర్కు, అన్నీ ఉన్నాయి. మేం అడిగింది ఒక్కటే. "పిన్ని గారూ, చీర కొన్నావిడ ఆ రోజే మీ దగ్గరకి రావాలంటే దేనికి రావాలి?" ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "ఫాల్, పీకో" అన్నారు. "ఎంతసేపట్లో అవుతుంది?" "గంట చాలు."

బోర్డు అయిపోయింది. పైన పెద్దగా "ఫాల్ – పీకో". దాని కింద "గంటలో". దాని కింద బాణం.

స్వామి బొమ్మ దగ్గర మాత్రం కాస్త పేచీ వచ్చింది. దాన్ని పెయింటర్ మాస్టారే తీర్చారు. "అమ్మా, ఇది నేలమీద పెట్టే బోర్డు. రోడ్డు మీద దుమ్ము, జనం కాళ్ళు, కుక్కలు. స్వామిని అక్కడ పెడతామా?" ఆవిడ లెంపలేసుకుని, బొమ్మని లోపల మిషను పైన గోడకి పెట్టించుకున్నారు. యూఎక్స్ డిజైన్ పుస్తకాల్లో ఈ పాయింటు ఎక్కడా లేదు.

రెండు పక్కలా ఒకే బోర్డు కాదు

ఇంకొక చిన్న సంగతి. చాలా షాపుల ముందు ఇది తప్పుగానే కనపడుతుంది. స్టాండు బోర్డుకి రెండు ముఖాలు కదా. ఒక ముఖం మీద బాణం కుడివైపు చూపిస్తే, రెండో ముఖం మీద ఎడమవైపు చూపించాలి. ప్రింటింగ్ షాపుకి ఒకటే డిజైన్ ఇచ్చి రెండు కాపీలు తీయిస్తే, సగం మంది కస్టమర్లని రోడ్డుకి అవతల ఉన్న మందుల షాపులోకి పంపినట్టే. ఆర్డరిచ్చేటప్పుడే ఎ వైపు, బి వైపు అని రెండు ఫైళ్ళు ఇవ్వండి.

తెలుగు అక్షరం తక్కువది కాదు

ఫోన్లో తెలుగు హాయిగా టైప్ చేస్తాం. అది యూనికోడ్. అదే మెసేజ్‌ని డీటీపీ షాపుకి వాట్సాప్‌లో పంపితే, అక్కడి అన్నయ్య మళ్ళీ మొదట్నుంచి టైప్ చేస్తాడు. చాలా షాపుల్లో ఇప్పటికీ నడిచేది అను ఫాంట్లు. అవి యూనికోడ్ కంటే ముందు కాలానివి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టి చేసినవి. అందుకే మీ మెసేజ్ నేరుగా పేస్ట్ చేస్తే డబ్బాలో, పిచ్చి గీతలో వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ప్రింటుకి ముందు ఒత్తులన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సిందే. పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు ఒత్తులు ఊడిపోయి పక్కన పడుతుంటే, టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోమనండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

ఫాంట్లకి కరువేం లేదు. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లావుగా హెడ్డింగులకి బాగుంటుంది, మండలి చిన్న అక్షరాలకి బాగుంటుంది. కానీ ఏ ఫాంటైనా చుట్టూ ఎర్ర అవుట్‌లైను, దాని చుట్టూ తెల్ల అవుట్‌లైను, వెనక నీడ, ఇలా వేశారంటే అక్షరం చచ్చిపోతుంది.

దీనికి కారణం పెయింటర్ మాస్టారు సుద్దముక్కతో గోడమీద రాసి చూపించారు. ప కీ వ కీ తేడా ఏంటి? పైన తలకట్టు దగ్గర ఒక చిన్న సందు. అవుట్‌లైను ఆ సందుని మింగేస్తే దూరం నుంచి "పాలు" కాస్తా "వాలు" అవుతాయి. మ, వు మధ్య తేడా కూడా అంతే, సన్నని దారం. "ఇంగ్లీషుకి లావు అందం బాబూ. తెలుగుకి లోపలి ఖాళీ అందం" అన్నారు. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య కూడా ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ వదలాలి. లేదంటే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది.

అక్షరాన్ని ఇంతగా ప్రేమించడం ఈ గడ్డకి కొత్త కాదు. నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత పుస్తకాల అట్టలు, సినిమా టైటిళ్ళు, శుభలేఖల మీదుగా చివరికి ఫాంటు దాకా వచ్చింది. కానీ వీధిలో బ్రష్షు పట్టిన చేతులు మాత్రం ఫ్లెక్స్ మిషన్లు వచ్చాక ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. మా మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఒకాయన ఆటో నడుపుతున్నారు, ఒకాయన గల్ఫ్ వెళ్ళారు. ఆయన మాత్రం స్కూలు గోడలు, పడవల మీద పేర్లు, బళ్ళ నంబర్ ప్లేట్లు రాస్తూ నెట్టుకొస్తున్నారు.

ఫ్లెక్స్ చవకే, కాదనను. పాలిస్టర్ గుడ్డ మీద పీవీసీ పూత అది. గుడ్డనీ పూతనీ విడదీయడం కష్టం కాబట్టి రీసైకిల్ సరిగ్గా అవదు. 2022 జులై 1 నుంచి దేశమంతా 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు నిషేధం. అయితే మామూలు ఫ్లెక్స్ అంతకంటే మందం కాబట్టి ఆ రూలు దానికి తగలదు. చివరికది పశువుల పాక మీదకో, కాలవలోకో చేరుతుంది. రేకు మీద ఆయిల్ పెయింట్‌తో రాస్తే మొదట ఖర్చు ఎక్కువే, కానీ రంగు వెలిస్తే మళ్ళీ అదే రేకు మీద రాసుకోవచ్చు.

రోజూ మారే సరుకుంటే కింది సగం నల్లబోర్డు పెయింట్ వేయించండి. పైన "టిఫిన్స్" అని శాశ్వతంగా ఉంటుంది, కింద ఈ రోజు ఏముందో సుద్దతో రాసుకుంటారు. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు చేపల కొట్టు ముందు "పులస వచ్చింది" అని సుద్దతో రాసిన రెండు మాటలకి ఏ ఫ్లెక్సూ సాటిరాదు. సుద్ద అంటే ఇవాళ్టిది అని జనానికి తెలుసు. ప్రింటంటే ఎప్పటిదో.

ఒక పైపు, ఒక బోర్డు

ఇక తయారీ. చదరపు ఎమ్మెస్ పైపు మామూలుగా 20 అడుగుల పొడవు వస్తుంది. లెక్క చూడండి. కాళ్ళు నాలుగు, ఒక్కోటి 3 అడుగులు, మొత్తం 12. అడ్డకమ్ములు నాలుగు, ఒక్కోటి 1 అడుగు 11 అంగుళాలు, మొత్తం ఏడడుగుల 8 అంగుళాలు. కలిపితే 19 అడుగుల 8 అంగుళాలు. మిగిలిన నాలుగు అంగుళాలు కోతలో పోతాయి. ముప్పావు అంగుళం పైపు ఒక్కటి కొంటే ఒక బోర్డు, ముక్క వేస్టవదు. కాలు మూడున్నర అడుగులు చేశారంటే రెండో పైపు కొనాలి.

పైన రెండు మడత బందులు. కింద రెండు ఫ్రేముల్నీ కలుపుతూ గొలుసు. గొలుసు లేకపోతే కాళ్ళు జారి బోర్డు సాష్టాంగ నమస్కారం చేస్తుంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, అంతర్వేది వైపు ఉప్పుగాలి కూడా. కాబట్టి రంగుకి ముందు రెడ్ ఆక్సైడ్ తప్పదు. పైపు పై కొనలు వెల్డింగ్‌తో మూయించండి. వాన నీళ్ళు లోపలికి దిగితే తుప్పు లోపల్నుంచి తినేస్తుంది.

ఇప్పుడు గాలి. అసలు పరీక్ష ఇదే. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు రేకు మీద గంటకు 36 కిలోమీటర్ల గాలి కొడితే తోపు సుమారు మూడున్నర కిలోలు. అది నేలకి అడుగున్నర పైన కొంచెం ఎత్తులో తగులుతుంది. గుణిస్తే పడదోసే బలం ఆరుకి దగ్గర. నిలబెట్టేదేంటి? బోర్డు బరువు. 6 కిలోల బోర్డు, కాళ్ళ మధ్య రెండడుగులు, అందులో సగం అడుగు. 6 ఇంటూ 1, ఆరు. అంటే సరిగ్గా అంచు మీద ఉంది. టైల్స్ నేల మీదయితే పడకముందే జారుతుంది కూడా, అందుకే కాళ్ళకి రబ్బరు బుష్‌లు.

గాలి వేగం పెరిగితే తోపు దాని వర్గంతో పెరుగుతుంది. పిడుగుల హెచ్చరికల్లో వాతావరణ శాఖ రాసే 50 కిలోమీటర్ల ఈదురుగాలికి తోపు దాదాపు రెట్టింపు. అప్పుడు 6 కిలోల బోర్డు 12 కిలోలు అవ్వాలి. ఎలా? రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు తీసుకుని ఇసుక నింపండి. ఒక్కోటి మూడు కిలోల పైనే తూగుతుంది. రెండు పక్కలా కింది కమ్మీలకి ఒక్కోటి గట్టిగా కట్టండి. ఒకే పక్క రెండూ కడితే లాభం లేదు, గాలి ఎటునుంచైనా వస్తుంది. మబ్బు పట్టి గాలి లేచిందంటే మాత్రం సీసాల మీద భరోసా వద్దు. మడిచి లోపల పెట్టేయండి. మడత బోర్డు అన్నది అందుకే.

ఆ రెండడుగులు ఎవరివి?

ఇంతవరకూ షాపు వైపు నుంచి మాట్లాడాం. ఇప్పుడు నడిచేవాళ్ళ వైపుకి రండి. బోర్డు తినేది రెండడుగుల దారి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేని దారి కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు ఉండాలి. బజార్లలో ఇంకా ఎక్కువ. మన ఊళ్ళలో చాలాచోట్ల ఆరడుగుల ఫుట్‌పాతే లేదు. ఉన్న నాలుగడుగుల్లో రెండు బోర్డుకి పోతే, చక్రాల కుర్చీకి కావాల్సిన మూడడుగులు మిగలవు. పెద్దావిడ రోడ్డు మీదకి దిగుతుంది, వెనక బస్సు.

ఒక షాపు బతకడానికి పెట్టిన బోర్డు ఇంకొకరి కాలు విరగ్గొట్టకూడదు కదండీ. అందుకే మేం ఆర్డరు తీసుకునే ముందు స్థలం చూస్తాం. మొదటి చోటు షాపు సొంత మెట్టు. అది లేకపోతే కరెంటు స్తంభాల వరసలో, ఎలాగూ ఎవరూ నడవని చోట. అదీ లేకపోతే నేలమీద బోర్డు వద్దు, గోడకి అడ్డంగా బయటికి వచ్చే చిన్న బోర్డు తల తగలనంత ఎత్తులో పెట్టుకోండి అని చెప్తాం. రోడ్డూ ఫుట్‌పాతూ కార్పొరేషన్‌వి, వాటి మీద పెట్టాలంటే వాళ్ళనడగాలి.

ఇంకొకటి. కింది అడ్డకమ్మీని నేలకి నాలుగు అంగుళాల ఎత్తులోనే వెల్డ్ చేయిస్తాం. చూపు లేనివాళ్ళ చేతికర్రకి ముందు కమ్మీ తగలాలి. కమ్మీ పైకి ఉంటే కర్ర కిందనుంచి దూరిపోతుంది, తర్వాత తగిలేది వాళ్ళ మోకాలే.

క్యూఆర్ కోడ్ సంగతి కూడా చెప్పేస్తా, ఎలాగూ అడుగుతారు. డబ్బులు కట్టే క్యూఆర్ రోడ్డు మీది బోర్డుకి అతికించకండి. ఎవడో రాత్రి దానిమీద తన స్టిక్కరు అంటించిపోతే మీ డబ్బు వాడికి పోతుంది. అది కౌంటరు లోపల ఉండాలి. బయట పెట్టాలనుకుంటే మ్యాప్ లొకేషనో, వాట్సాప్ కేటలాగో పెట్టండి. దూరంలో పదోవంతు సైజు ఉండాలి. అంటే మీటరు దూరంలో నిలబడి స్కాన్ చేయాలంటే పది సెంటీమీటర్లు.

లెక్క తేలిందా?

టైలర్ పిన్ని గారి సంగతి చెప్పాలి. బోర్డు పెట్టగానే జనం ఎగబడ్డారని చెప్తే అది సినిమా అవుతుంది. మొదటి వారం రోజుకి ఇద్దరో ముగ్గురో వచ్చారట. ఎక్కువమంది మళ్ళీ కనపడరు, కోనసీమ నుంచో ఏజెన్సీ వైపు నుంచో మార్కెట్‌కి వచ్చి పోయేవాళ్ళు. కానీ ఫాల్ కుట్టేలోపు ఆ గంటసేపూ అక్కడే బెంచీ మీద కూర్చుంటారు. కూర్చున్నప్పుడు గోడకి తగిలించిన జాకెట్లు చూస్తారు. దసరా వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది, మిషను ఇంకా ఆ షాపులోనే ఉంది. అద్దె మళ్ళీ పెంచుతామన్నారు, ఆవిడ మళ్ళీ లెక్కలు వేసుకుంటున్నారు. బోర్డు అద్దె తగ్గించదు. సందులో మనిషి ఉన్నారని రోడ్డుకి చెప్తుంది, అంతే. ఆ ఒక్క పని డబ్బులిచ్చి ఫోన్లో యాడ్ వేయించుకోలేని షాపుకి చాలా పెద్దది.

2027లో గోదావరి పుష్కరాలు. 2015 తర్వాత మళ్ళీ ఊరంతా కొత్త మొహాలే. దారి తెలీనివాళ్ళు, ఎక్కడ ఏం దొరుకుతుందో తెలీనివాళ్ళు. కోటగుమ్మం నుంచి కోటిపల్లి బస్టాండు దాకా ప్రతి సందు మొదట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి వెతుక్కుంటారు. అప్పటికి ఫ్లెక్సులు ఎలాగూ ఆకాశాన్ని కప్పేస్తాయి. మరి ఆ సందుల్లోని చిన్న షాపులు?

మీ వీధిలో మీరు రోజూ వెళ్ళే ఒక షాపుంటుంది. ఇస్త్రీ బండో, జిరాక్సో, ఇడ్లీ కొట్టో. సాయంత్రం ఒక పని చేయండి. షాపు నుంచి ఇరవై నాలుగు పెద్ద అడుగులు వేసి వెనక్కి తిరగండి, సుమారు అరవై అడుగులు వస్తుంది. జూమ్ చేయకుండా ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. రెండు సెకన్లు చూసి ఫోన్ జేబులో పెట్టేయండి. అక్కడేం అమ్ముతారో మీకు అర్థం కాకపోతే, ఆ ఫోటో ఆ షాపాయనకి చూపించండి. మిగతా మాట ఆయనే మొదలుపెడతారు.